రెండు వీధుల గొడవ తర్వాత నవ్వుల షో: ముందు గోడ, తర్వాత ముగ్గు, ఆఖర్న మైకు

మీరు అడిగింది ఇదీ. విశాఖలో మీ కాలనీలో మొన్నటి వినాయక నిమజ్జనం ఊరేగింపులో మూడో వీధి, నాలుగో వీధి కుర్రాళ్ళు కొట్టుకున్నారు. ఇద్దరికి కుట్లు పడ్డాయి. రెండు నెలలు దాటినా నాలుగో వీధివాళ్ళు మూడో వీధి కిరాణా కొట్టుకి రావడం లేదు. సంక్రాంతిలోపు ఆర్కే బీచ్‌లో ఒక స్టాండప్ కామెడీ నైట్, పక్కనే పెయింటింగ్ పెట్టి అందర్నీ కలపాలని మీ యువజన సంఘం అనుకుంటోంది. 200 మంది వస్తారు, 40 వేల రూపాయలున్నాయి. ఎలా చేయాలి?

చేయొచ్చు. కానీ వరస మార్చాలి, చోటు మార్చాలి, నెల కూడా మార్చాలి. మాట్లాడుకోని రెండు గుంపుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి నవ్వమంటే నవ్వరు. ఎవరు నవ్వుతున్నారో, దేనికి నవ్వుతున్నారో ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ కూర్చుంటారు. కాబట్టి మొదట చేతులకి పని పెట్టండి, నోటికి పని తర్వాత. డిసెంబరు ఆఖరి వారంలో గోడ, కనుమ నాడు ముగ్గు, జనవరి నుంచి వారం వారం కామెడీ తర్ఫీదు, ఇంటర్ పరీక్షలు మొదలవక ముందే ఫిబ్రవరి మధ్యలో షో.

వీటన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఒకటుంది. కుట్లు పడిన ఇద్దరి ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? పగిలిన బండి అద్దాల సంగతేమైంది? అవి తేలకుండా "జరిగిందేదో జరిగింది, నవ్వేసి కలిసిపోదాం" అంటే, దెబ్బ తిన్నవాడికి అది "నోరు మూసుకో" అన్నట్టే వినిపిస్తుంది. రెండు వీధుల పెద్దల్ని కూర్చోబెట్టి ఆ లెక్క ముందు తేల్చండి. 40 వేలలో 5 వేలు అందుకే పోయినా ఫరవాలేదు, షో కొంచెం చిన్నదవుతుంది, అంతే. పోలీసు కేసు నడుస్తుంటే మాత్రం ఆ రాత్రి సంఘటన గురించి స్టేజి మీద ఒక్క మాట కూడా రాకూడదు. ఎవరో ఫోన్లో తీసిన 20 సెకన్ల ముక్క రేపు సాక్ష్యమై కూర్చుంటుంది.

గోడ సంగతి. వైరంలో ఉన్నవాళ్ళని కలపడం గురించి మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన నాలుగు షరతులు ఇప్పటికీ పనికొస్తాయి: ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, లక్ష్యం ఒకటే కావాలి, ఒకరి సాయం లేకుండా ఇంకొకరి పని జరగకూడదు, పెద్దల మద్దతు బాహాటంగా కనిపించాలి. ఊరికే పక్కపక్కన నిలబెడితే ఈ నాలుగూ రావు. అందుకే మూడో వీధి నుంచి ఒకరు, నాలుగో వీధి నుంచి ఒకరు జంటగా. ఆ జంటకి రంగు డబ్బా ఒకటే, నీళ్ళ మగ్గు ఒకటే. గొడవలో నేరుగా ఉన్న కుర్రాళ్ళని మొదటి రోజే ఒకే జంటలో వేయకండి. రెండో రోజో మూడో రోజో వాళ్ళంతట వాళ్ళు దగ్గరకొస్తే సరే, రాకపోతే బలవంతం వద్దు.

30 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గోడ అనుకుందాం, అంటే 240 చదరపు అడుగులు. మనిషికి మూడడుగుల జాగా కావాలి కాబట్టి జంటలో ఒకరు గీసి ఒకరు అందిస్తూ ఉంటే ఒకేసారి పది జంటలు పడతాయి. ఉదయం మంచు తడి ఆరాక ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా ఒక బ్యాచ్, మధ్యాహ్నం మూడు నుంచి అయిదుంపావు దాకా ఇంకో బ్యాచ్. డిసెంబరులో అయిదున్నరకే చీకటి పడుతుంది, ట్యూబులైటు కింద రంగు కలిపితే పొద్దున్న చూసుకునేసరికి అది వేరే రంగు.

మన ఊళ్ళో గోడ బొమ్మల్ని పాడుచేసేది వానకంటే ఉప్పు. సముద్రపు గాలి, గోడలో చెమ్మ కలిసి ప్లాస్టరు మీదకి తెల్లగా ఉప్పు పొడి తన్నుకొస్తుంది. దాని మీదే రంగు వేస్తే రెండు నెలల్లో పెచ్చులుగా ఊడిపోతుంది. వైర్ బ్రష్‌తో గోకండి, గోకేవాళ్ళకి మాస్కు తప్పనిసరి. మంచినీళ్ళతో కడగండి, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే అవి వద్దు. నాచు ఉంటే బ్లీచింగు పౌడరు నీళ్ళు కొట్టి, గోకి, మళ్ళీ కడగండి. తర్వాత మూడు రోజులు ఎండనివ్వండి. కొత్త సిమెంటు గోడైతే 28 రోజులు ఆగాలి. వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. ఈశాన్య రుతుపవనాల కాలం కనుక డిసెంబరులో కూడా వాయుగుండాలు రావచ్చు. ప్రైమరు, అంటే రంగుకి ముందు వేసే పూత, వేసిన రాత్రి వాన పడితే మొత్తం మొదటికొస్తుంది.

సరుకు: ఎక్స్‌టీరియర్ ప్రైమరు 4 లీటర్లు. తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ 10 లీటర్లు. ఇందులో సగం బేస్‌కి, అంటే అడుగున వేసే రెండు పూతలకి, మిగతా సగం లేత రంగులు కలపడానికి. ముదురు నీలం, ఎరుపు, నలుపు మాత్రం లీటరు చొప్పున షాపులోనే కలిపించుకోండి. తెల్లరంగులో స్టెయినరు, అంటే రంగు మార్చడానికి కలిపే చిక్కటి ద్రవం, ఎక్కువ పోసి ముదురు రంగు తెద్దామని చూస్తారు చాలామంది. లీటరుకి 30 మిల్లీలీటర్లు దాటితే రంగు సరిగ్గా ఆరదు, తడి చెయ్యి తగిలితే ఊడొస్తుంది. ఒక్కో రంగు ఎంత కావాలో అంతా ఒకేసారి కలపండి, సగంలో అయిపోతే మళ్ళీ అదే రంగు రాదు. కోటుకీ కోటుకీ మధ్య నాలుగు గంటలు. అంగుళం, రెండంగుళాల చదును బ్రష్‌లు డజను చొప్పున, బేస్‌కి రోలర్లు మూడు, ఖాళీ పెరుగు డబ్బాలు నలభై, నేల మీద పరవడానికి పాత చీరలు.

బొమ్మ గీయడం రాదని వెనక నిలబడిపోయేవాళ్ళే మీకు ముఖ్యం. వాళ్ళ కోసం బొమ్మని కాగితం మీద గడులు గీసి, గోడ మీద సుద్దతో అడుగు గడులుగా పెంచండి. ప్రతి ముక్కలో రంగు నంబరు రాయండి. ఇక నంబరు చూసి నింపడమే. అంచులు, కళ్ళు, నీడలు చివర్లో బొమ్మ గీయడం వచ్చినవాళ్ళు దిద్దుతారు. స్టూలు ఎక్కే పని పెద్దవాళ్ళది. ఏం గీయాలన్నది ఓటుకి పెట్టకండి, ఓడిన వీధి మళ్ళీ అలుగుతుంది. ఇద్దరికీ సొంతమైనవి ఎంచుకోండి: డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీది లైట్‌హౌస్, జాలరిపేట పడవలు, కురుసుర సబ్‌మెరైన్, ఏటికొప్పాక లక్క బొమ్మలు. గొడవ రెండు మతాల మధ్యదైతే ఏ దేవుడి గుర్తూ గోడ మీద వద్దు. గోడ యజమాని దగ్గర రాతపూర్వక ఒప్పుకోలు, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) గోడైతే వాళ్ళ అనుమతి ముందే తీసుకోండి.

రంగులు వేస్తే మనసు తేలికపడుతుందనేది ఉత్తమాట కాదు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్ళ చేత 45 నిమిషాలు బొమ్మలు చేయించి లాలాజలంలో కార్టిసాల్ కొలిస్తే, ఒత్తిడికి సంబంధించిన ఆ హార్మోను సుమారు 75 శాతం మందిలో తగ్గింది. బొమ్మలు గీయడం ముందు వచ్చా రాదా అన్నదానితో పెద్ద తేడా రాలేదు. చిన్న అధ్యయనమే, దాని మీద మేడలు కట్టలేం. అయినా ఒక్కో బ్యాచ్‌కి హడావుడి పెట్టకుండా తీరిగ్గా సమయం ఇవ్వమనడానికి అది చాలు.

ఇక కనుమ నాటి రథం ముగ్గు. దీనికి ముగ్గు పిండి తప్ప ఖర్చు లేదు, మీ పథకంలో లేదు కానీ అన్నిటికంటే బలంగా పనిచేసేది ఇదే. ఒక ఇంటి రథం తాడు పక్క ఇంటి రథానికి కలుపుకుంటూ వీధి చివరిదాకా లాగడం మన ఆచారమే. మూడో వీధి తాడు, నాలుగో వీధి తాడు కూడలిలో కలిసేటట్టు రెండు వీధుల ఆడవాళ్ళని అడగండి. మైకులో ప్రకటించొద్దు, ఫ్లెక్సీ కట్టొద్దు, కార్పొరేటర్‌ని పిలవొద్దు. రెండు వీధుల్లోనూ అందరూ పిన్నీ అని పిలిచే మనిషి ఒకరుంటారు కదా, ఆవిడ నోటితో అడిగిస్తే చాలు. తాడు కలవకుండా నాలుగిళ్ళ ముందే ఆగిపోయిందనుకోండి, కోపం ఇంకా ఎక్కడ ఉందో మీకు ఇల్లుతో సహా తెలుస్తుంది. షోకి ముందు వెళ్ళి కూర్చుని మాట్లాడాల్సిన ఇల్లు అది.

ఇప్పుడు మైకు. పేరున్న కమెడియన్‌ని తెచ్చి గంట సేపు నవ్వించి పంపేస్తే అది వినోదం. దానివల్ల మీ గొడవ తీరదు. మీ వీధులవాళ్ళే స్టేజి ఎక్కాలి. కెనడాలో కమెడియన్ డేవిడ్ గ్రానిరర్ 2004 నుంచి మానసిక అనారోగ్యంతో ఉన్నవాళ్ళకి స్టాండప్ నేర్పి, వాళ్ళ చేతే షోలు వేయిస్తున్నారు. తన బాధని తన నోటితో నవ్వుగా మార్చినవాడికి, ఆ బాధ మీద కొంచెం పట్టు దొరుకుతుంది. వేరేవాడు వచ్చి దాని మీద జోకు వేస్తే ఉన్న పట్టు కూడా పోతుంది. ఈ తేడా తర్ఫీదు మొత్తానికీ పునాది.

ఎనిమిది మందిని తీసుకోండి, వీధికి నలుగురు, మొత్తంలో ముగ్గురికి తగ్గకుండా ఆడవాళ్ళు. వారానికోసారి రెండు గంటలు, సంక్రాంతి వారం వదిలేసి ఆరు సార్లు. మొదటి రోజు జోకులే వద్దు. "ఈ కాలనీలో నన్ను విసిగించే పది విషయాలు" అని రాయించండి. మనుషుల పేర్లు ఉండకూడదు. కుళాయి నీళ్ళ టైము, కుక్కలు, మే నెల ఉక్కపోత, ట్రాన్స్‌ఫార్మరు, స్టీల్ ప్లాంటు షిఫ్టు నుంచి వచ్చి పడుకున్న నాన్న, పైన డాబా మీద క్రికెట్టు. రెండు వీధుల జాబితాలు పక్కపక్కన పెడితే సగానికి సగం ఒకటే వస్తాయి. అది మీరు చెప్పక్కర్లేదు, వాళ్ళే చూస్తారు.

జోకు ఎందుకు పేలుతుందో, ఎందుకు గుచ్చుకుంటుందో రెండో వారం చెప్పండి. పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే పరిశోధకులు 2010లో చెప్పిన సిద్ధాంతం సులువుగా బుర్రకెక్కుతుంది: ఏదో ఒక హద్దు దాటాలి, అదే క్షణాన అది ప్రమాదం లేనిదిగా కూడా అనిపించాలి. చక్కిలిగిలి లాగా. ఇంట్లోవాళ్ళు పెడితే నవ్వొస్తుంది, దారినపోయేవాడు పెడితే ఒళ్ళు మండుతుంది, మనకి మనమే పెట్టుకుంటే ఏమీ రాదు. గొడవపడిన వీధికి అవతలి వీధివాడు ప్రస్తుతం దారినపోయేవాడి కిందే లెక్క.

ఉదాహరణకి, మొదటి రాతల్లో తప్పకుండా ఇలాంటిది వస్తుంది: "నాలుగో వీధోళ్ళకి పనేటీ లేదు, అందుకే అంత డీజే." ఇందులో గురి మనుషుల మీద. సగం హాలు నవ్వుతుంది, సగం లేచిపోతుంది. గురి మార్చండి: "మా విగ్రహం పదకొండడుగులు. ఆళ్ళది పన్నెండు. రెండూ ఒకే కరెంటు తీగ కింద ఆగిపోనాయి. తీగ ఎత్తడానికి వెదురు కర్ర ఒక్కటే ఉంది. కర్ర మూడో వీధిది. పట్టుకున్నోడు నాలుగో వీధోడు." సెటప్, అంటే జోకుకి రంగం సిద్ధం చేసే భాగం, పోటీ; పంచ్, అంటే నవ్వు పుట్టించే ముగింపు, ఇద్దరికీ ఒకటే అయిన ఇబ్బంది. ఇక్కడ దెబ్బ తగిలింది తీగకి. చివరి వాక్యంలో చివరి మాటే నవ్వు తెప్పించాలి; "నాలుగో వీధోడు పట్టుకున్నాడు" అని రాస్తే నవ్వు సగం పడిపోతుంది. పంచ్ తర్వాత రెండు సెకన్లు నోరు మూసుకుని ఆగడం నేర్పండి, కొత్తవాళ్ళందరూ నవ్వు మొదలవగానే దాని మీదే మాట్లాడేసి దాన్ని చంపేస్తారు.

యాస విషయంలో గట్టిగా ఉండండి. ఉత్తరాంధ్ర మాటని సినిమాలు పనివాడికో అమాయకుడికో అంటగట్టి చాలాకాలం నవ్వించాయి. "ఏటి, ఎల్లిపోనావా" అనేవాడు ఆ మాటతోనే తెలివైన విషయం చెప్పాలి. యాసని వెక్కిరించి తెచ్చే నవ్వు పనికిరాదు. ఊళ్ళో ఎవరైనా స్టేజి ఎక్కగలిగే ఓపెన్ మైకుల్లో హిందీ, ఇంగ్లీషు చాలా నడుస్తుంది, దానికి తప్పేం లేదు, కానీ మీ హాల్లో కూర్చునే మామ్మకి అందని భాషలో మానే గాయం ఉండదు.

నాలుగో వారం స్క్రిప్టులు మార్పిడి: మూడో వీధి రాసినవి నాలుగో వీధి చదివి, గుచ్చుకున్న చోట పెన్సిలుతో గీత పెడుతుంది. గీత పడితే వాదన లేదు, ఆ వాక్యం తీసేయడమే. కులం, మతం, ఒంటి రంగు, శరీరం, ఎవరింటి ఆడపిల్ల సంగతీ ఎక్కడా రాకూడదు. మర్యాద కోసమే కాదు, వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం, మత భావాల్ని కించపరచడం నేరమనే భారతీయ న్యాయ సంహిత 196, 299 సెక్షన్లు, అంటే పాత ఐపీసీ 153ఏ, 295ఏ, ఉన్నాయని కుర్రాళ్ళకి తెలియాలి. అయిదో వారం నిజమైన మైకుతో, ఆరో వారం పదిహేను మంది ముందు పూర్తి రిహార్సలు. ఒక్కొక్కరి అయిదు నిమిషాల సెట్‌కి 450 మాటలు మించకూడదు, మిగతా సమయం నవ్వుకి.

పచ్చి గాయం ఉన్నవాళ్ళు కూడా వస్తారు. కొట్లాట ఒక్కటే కాదు. ఈ ఊరు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుని చూసింది, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ విషవాయువుని చూసింది. కాలనీలో ఎవరింట్లో ఏం జరిగిందో మీకు పూర్తిగా తెలియదు. అందుకే ఎవర్నీ "ఆ రోజు ఏమైందో చెప్పు" అని అడగొద్దు. ఘోరం జరిగిన వెంటనే ఒక్క సిట్టింగులో అంతా కక్కించడం మేలు చేయదనీ, కొందరికి కీడు కూడా చేయొచ్చనీ ఇప్పుడు వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఎవరైనా వాళ్ళంతట వాళ్ళు చెప్పాలనుకుంటే, ముందు ఇంట్లో రోజుకి 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాసుకోమనండి, ఎవరికీ చూపించక్కర్లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో పరీక్షించిన పద్ధతి ఇది. రాసిన కాసేపు మనసు బరువెక్కడం మామూలే. నాలుగో రోజుకి కూడా చేతులు వణుకుతున్నా, నిద్ర పట్టకపోయినా, అది స్టేజి మీదకి తేకూడని విషయం. వాళ్ళకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీమానస్ నంబరు 14416 ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలు ఉంటుంది, డబ్బు అక్కర్లేదు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది. మీరు డాక్టర్లు కారు, ఆ హద్దు దాటకండి.

బీచ్ ఎందుకు వద్దంటే, నవ్వుకి పైకప్పు కావాలి. ఆరుబయట నవ్వు ఎటో ఎగిరిపోతుంది, పక్కవాడి నవ్వు వినబడకపోతే మనకీ రాదు. గాలి మైకులో బుసబుసమంటుంది, మధ్యలో మురీ మిక్చరు, గుర్రాలు. పది పన్నెండడుగుల ఎత్తు కప్పున్న కమ్యూనిటీ హాలు చాలు. 200 మందికి 160 కుర్చీలే వేయండి, ఖాళీ కుర్చీలు షోని తినేస్తాయి, చాలకపోతే తర్వాత తెచ్చి వేయొచ్చు. మొదటి వరస మైకుకి ఆరడుగుల్లో ఉండాలి. వీఐపీ సోఫాలు వద్దు, సోఫాలో కూర్చున్నవాళ్ళు నవ్వాలా వద్దా అని ఆలోచిస్తారు, వెనకవాళ్ళు వాళ్ళ మెడలు చూస్తూ కూర్చుంటారు. ఎడమవైపు ఒక వీధి, కుడివైపు ఒక వీధిగా కూర్చోకుండా, గోడ దగ్గర జంటలైనవాళ్ళకి పక్కపక్క టోకెన్లు ఇవ్వండి.

వైరున్న మైకు రెండు (ఒకటి స్పేరు), స్టాండు, పన్నెండంగుళాల స్పీకర్లు రెండు. స్పీకర్లు మైకుకి ముందుండాలి. వెనకుంటే ఆ శబ్దమే మళ్ళీ మైకులోకి దూరి కీచుమంటుంది. పెడస్టల్ ఫ్యాను మైకు వైపు తిప్పకండి. పోలీస్ స్టేషన్‌లో లౌడ్‌స్పీకరు అనుమతి తీసుకోండి. రాత్రి పది దాటాక ఎలాగూ నిషేధం, మీరు ఏడుకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ముగించండి.

వరస: యాంకరు ఎనిమిది నిమిషాలు, తర్వాత నలుగురు, మధ్యలో తప్పెటగుళ్ళో డప్పో పావుగంట, మళ్ళీ నలుగురు, చివర బయటి నుంచి అనుభవమున్న ఒక కమెడియన్ పదిహేను నిమిషాలు. వీధులు ఒకటి విడిచి ఒకటి రావాలి. ఇంకో నిమిషమే ఉందని వెనక నుంచి ఫోను టార్చితో చూపించండి.

మధ్యలో అరిచేవాడి సంగతి. మామూలు షోలో కమెడియన్ వాడి పరువు తీసి నోరు మూయిస్తాడు. ఇక్కడ అలా చేస్తే మళ్ళీ నిమజ్జనం నాటి కొట్లాటే. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఉన్నాడు కదా, అవధానిని సంబంధం లేని ప్రశ్నలతో ఆపడమే ఆయన పని. బుర్రకథలో హాస్య వంత చేసేదీ ఇలాంటిదే. వీధికి ఒకరు చొప్పున, నోరున్నవాళ్ళని ఇద్దరిని ముందే ఆ పదవికి పిలిచి, మెడలో కండువా వేసి, స్టేజి పక్కనే కూర్చోబెట్టండి. అడ్డుతగిలే హక్కు వాళ్ళకే అని యాంకరు మొదట్లోనే ప్రకటించాలి. అరవాలని వచ్చినవాడిని కూడా వీలైతే ఆ కుర్చీలోనే కూర్చోబెట్టండి.

వీడియో మీ సంఘమే తీయాలి. ప్రదర్శకుడు చూసి సరేనన్నాకే ఏ ముక్కైనా బయటికి వెళ్ళాలి. ఫోన్లు లోపల పెట్టుకోమని తలుపు దగ్గరే అడగండి, సగం మందైనా వింటారు.

పని జరిగిందా లేదా అన్నది చప్పట్లలో తెలియదు. ఆ కిరాణా కొట్టాయన్ని అడగండి, వారం తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి: నాలుగో వీధి నుంచి ఎవరైనా వస్తున్నారా? జూలైలో రెండు పందిళ్ళ కమిటీల్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఊరేగింపు టైములు, దారి, డీజే శబ్దం రాసుకోండి. ఎవరు ముందు వెళ్ళాలో ఏడాదికొకరుగా మార్చుకోవచ్చు.

మిగిలిన రంగు డబ్బాలకి మూత గట్టిగా బిగించి, మీద తేదీ రాసి, ఎండ తగలని చోట దాచండి. వానలు వెళ్ళాక గోడ అడుగు భాగంలో అడుగున్నర మేర ఉప్పు మళ్ళీ పైకొస్తుంది, గోకి దిద్దాల్సి ఉంటుంది. ఆ పనికీ జంటగానే పంపండి.